వచ్చేవాళ్ళను వద్దన్న మెయిల్

మా మేడం పోయిన సంగతి నాకు కాలేజీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. "మన కళాశాలలో డిజిటల్ మార్కెటింగ్ బోధించిన మాజీ గెస్ట్ ఫ్యాకల్టీ ఈ ఉదయం నంద్యాల ఆసుపత్రిలో స్వర్గస్థులైనారని తెలుపుటకు చింతిస్తున్నాము." దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరుసగా వచ్చి పడ్డాయి. ఆ వాక్యంలో ఒక్క మాట దగ్గర నేను ఆగిపోయాను: మాజీ. ఆమె తనంతట తాను మాజీ కాలేదు. ఆమెను మాజీని చేసినవాళ్ళే ఇప్పుడు చింతిస్తున్నారు. అందరికంటే ముందు చేతులు జోడించింది కూడా వాళ్ళే.

ఆ సాయంత్రం ఆళ్ళగడ్డ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది ఒక శిల్పశాల యజమాని. దేవతా విగ్రహాలు చెక్కించి ఊరూరి గుళ్ళకు పంపే వ్యాపారం ఆయనది. మేడం మా కాలేజీలో పాఠం చెబుతూనే కొన్నేళ్ళపాటు ఆయన వెబ్‌సైటునూ, కొనుగోలుదారులకు వెళ్ళే ఈమెయిళ్ళనూ చూసుకున్నారు. నేను ఆమె దగ్గర ప్రాజెక్టు చేసింది ఆ శిల్పశాలలోనే గనుక నా నంబరు ఆయన దగ్గర ఉంది.

"ఏం పాపా, బాగుండావా? మేడం సంగతి తెలిసె గదా."

"తెలిసింది సార్."

"పాపం, మంచి మనిషి. మా ఇంటి మనిషి మాదిరి ఉండె. నువ్వు డిబేట్లలో కప్పులు కొట్టినదానివి. ఆయమ్మ మింద నాలుగు మంచి మాటలు రాసియ్యి. పెద్దకర్మ లోపల అందరికీ మెయిల్ కొట్టిద్దాం. మేడం పేరు మిందనే పోవాల. ఆ పేరు కనపడితే జనం తెరుస్తారు."

"మంచి మాటలు రాస్తాను. వాటి కింద ఏముంటుంది?"

"లింక్ ఉంటాది. మన నరసింహసామి పేజీకి. మేడం జ్ఞాపకంగా అర్చన టికెట్టు పెడతాండాం."

"లింక్ లేకుండా పంపితే?"

"ఏందీ పాపా నువ్వు! ఊరికే ఏడ్చనీకి మెయిల్ ఎందుకు?"

నేను రాయనన్నాను. "నువ్వు గాకపోతే రాసేటోళ్ళు శానామంది ఉండారులే" అని ఆయన ఫోన్ పెట్టేశాడు. అది నిజం. రాసేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఎందుకు రాయనన్నానో మాత్రం పాఠకులకు చెప్పుకోవలసిన బాధ్యత నాకుంది. అది చెప్పాలంటే మేడం ఎలాంటి మనిషో చెప్పాలి.

మొదటి రోజు ఆమె క్లాసులోకి వచ్చి బోర్డు మీద ఏమీ రాయలేదు. "మీ ఫోన్లు తీయండి. తెరవకుండా పడి ఉన్న మెయిళ్ళు చూడండి" అన్నారు. అందరి ఫోన్లలోనూ కుప్పలుగా ఉన్నాయి. చీరల దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, లోన్లు ఇస్తామనే కంపెనీలు. "ఇవన్నీ ఎవరో జీతం తీసుకొని, తల పట్టుకొని రాసినవే. మీరు ఒక్కటి కూడా తెరవలేదు. ఎందుకు తెరవలేదన్నదే మన సిలబస్" అన్నారు. అంతకుముందు ఆ సబ్జెక్టు పేరు విని ముఖం చిట్లించుకున్న నేను, ఆ రోజు వెనక బెంచీ నుంచి ముందు బెంచీకి మారాను. ఆమె మీద గౌరవంతో కాదు. ఎదుటివాళ్ళను దగ్గర నుంచి ఎదుర్కోవడం నాకు అలవాటు.

అవకాశం రెండో వారంలోనే వచ్చింది. వెబ్‌సైటుకు ఎవరు ఏ ఊరి నుంచి వస్తున్నారో, ఏ పేజీలో ఎంతసేపు ఉంటున్నారో, ఏది నొక్కి ఎటు పోతున్నారో తెర మీద చూపిస్తూ ఆమె ట్రాఫిక్ విశ్లేషణ పాఠం మొదలుపెట్టారు. నేను లేచి నిలబడ్డాను.

"మేడం, ఇంటికి వచ్చినవాళ్ళు ఏ గదిలో కూర్చున్నారో, ఏం ముట్టుకున్నారో, ఎప్పుడు లేచిపోయారో వాళ్ళకు చెప్పకుండా కనిపెట్టి ఉంచుకునే మనిషిని ఏమంటాం?"

"మీ ఇంట్లో అయితే మీ అమ్మ అంటాం."

క్లాసు క్లాసంతా పగలబడి నవ్వింది. నేను కూర్చోలేదు. ఇది పాఠం కాదనీ, నిఘాకు పెట్టిన ముద్దుపేరనీ, మనిషి చూపును సరుకు చేయడమేననీ ఒక్క ఊపిరిలో చెప్పాను. ఆమె చివరిదాకా విన్నారు. అడ్డు రాలేదు. పాఠం చెప్పేటప్పుడు పుస్తకాల తెలుగు మాట్లాడే మేడం, మనసులో మాట చెప్పేటప్పుడు మాత్రం ఊరి భాషలోకి దిగేవారు.

"నీ మాట కరెక్టే మే. నేను సూస్తాండా. కాదనను. సూసినదాంతో ఏం చేస్తానో అదీ సూసి తిట్టు. తిట్లన్నీ ఇప్పుడే వాడేస్తే రేపటికి నీ కాడ సరుకుండదు."

ఆ వాదన నేను ఈ రోజుకీ వెనక్కి తీసుకోలేదు. ఆమె కూడా వెనక్కి తీసుకోమని అడగలేదు. మా స్నేహమంతా ఆ తెగని వాదన మీదే నిలబడింది.

ఒకసారి నంద్యాల సోనా బియ్యం అమ్మడానికి ఈమెయిల్ రాయమన్నారు. నేను రాయలసీమ కరువు చరిత్రతో మొదలుపెట్టి, కాలువల మీదుగా, గిట్టుబాటు ధరల మీదుగా నడిచి, నాలుగో పేజీలో బియ్యం దగ్గరికి చేరుకున్నాను. మేడం దాన్ని క్లాసులో పైకి చదివారు. రెండో పేజీ మధ్యలో ఆపి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. "ఆకలైతాంది మే. అన్నం ఎప్పుడు పెడతావ్?" మళ్ళీ నవ్వులు. కానీ క్లాసయ్యాక పిలిచి, ఆ నాలుగు పేజీల్లోంచి ఒక వాక్యం కింద గీత గీసి చూపించారు. మా నాయన వడ్లు తూకానికి వేసేటప్పుడు బస్తా మీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడతాడని రాసిన వాక్యం అది. "నీకు తెలిసింది ఇది ఒక్కటే. మిగతాదంతా నువ్వు చదివింది" అన్నారు. నాకు కోపం వచ్చింది. ఇంటికి వెళ్ళి మిగతాదంతా కొట్టేశాను.

ఆమె పద్ధతులు కొన్ని ఉండేవి. ఎన్ని మెయిళ్ళు పంపామో చెబితే వినేవారు కాదు. "పంపింది చెప్పొద్దు. తెరిచినోళ్ళు ఎందుకు తెరిచినారో అది చెప్పు" అనేవారు. ఇక మెయిళ్ళు వద్దనుకునేవాళ్ళు నొక్కే అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ అందరూ అడుగున చీమతలంత అక్షరాల్లో దాస్తారు. ఆమె దాన్ని పైన, కొట్టొచ్చినట్టు కనబడేలా పెట్టించేవారు. "పోయేవాళ్ళకు వాకిలి మూస్తే ఉండేవాళ్ళకు ఊపిరాడదు" అని ఆమె వివరణ. వారంలో మూడు రోజులు క్లాసు కాగానే నంద్యాల బస్టాండులో నిలబడే టీ తాగి, ఆళ్ళగడ్డ బస్సెక్కేవారు. ఏ మెయిల్‌కైనా పైన కనిపించే ఆ ఒక్క శీర్షిక బస్సులోనే తేలాలి. "శిరివెళ్ళ వచ్చేలోపల తేలకపోయిందా, ఆ మెయిల్‌తో ఎవరికీ పని లేదని అర్థం." నేను పక్కన కూర్చున్న రోజుల్లో నా చేత పైకి చదివించుకునేవారు. ముందు సీట్లో కూరగాయల బుట్టతో కూర్చున్న ఆడమనిషి తల తిప్పి చూస్తే ఆ శీర్షిక పాసైనట్టు.

శిల్పశాలలో ఆమెకు ఒక బల్ల, ఒక కుర్చీ. చుట్టూ ఉలి దెబ్బలు. రాతిపొడి పడకుండా ల్యాప్‌టాప్ మీద పలచటి తువ్వాలు కప్పి, దాని కింద చేతులు పెట్టి టైపు చేసేవారు. నా ప్రాజెక్టు మొదలైన రోజు ఆమె నాకు ఒక విగ్రహం పేజీ చూపించారు. లక్ష్మీనరసింహస్వామి. అహోబిలం పక్కనే ఉన్న ఊరు గనుక అక్కడ నరసింహులకు కొదవ లేదు. కానీ ఈ విగ్రహం వెబ్‌సైటులోకి ఎక్కడమే ఒక పొరపాటు.

శిల్పశాలల్లో ఒక ఆచారం ఉంది. చెక్కుతూ చెక్కుతూ చివరికొచ్చాక రాతిలో జీర బయటపడితే, అంటే వేరే రంగు చార ఒకటి రాయిని చీల్చుకుంటూ కనబడితే, ఆ విగ్రహం పూజకు పనికిరాదు. దానికి కళ్ళు తెరవరు. కనుగుడ్లు చెక్కకుండా వదిలేసి, ముఖం గోడవైపు తిప్పి వెనక షెడ్డులో పెడతారు. కొత్తగా చేరిన మేడం ఫోటోలు తీయడానికి వెలుగు వెతుక్కుంటూ ఆ షెడ్డులోకి వెళ్ళారు. కూలీలను పిలిచి, గోడవైపు ఉన్న స్వామిని వెలుగువైపు తిప్పించారు. ఆ రోజు పెద్ద శిల్పి ఊళ్ళో లేడు. ఆయన తిరిగొచ్చి, "గోడకు తిప్పిన దేవుణ్ణి మళ్ళా తిప్పిన మహానుభావుడు ఎవురప్పా?" అని అరిచేసరికి ఫోటో వెబ్‌సైటులో ఒక పేజీకి ఎక్కేసింది. జీర భుజం వెనక ఉంది. ఫోటోలో కనబడదు. తీసేయనక్కరలేదని యజమాని అన్నాడు. అప్పుడు మేడం దాని కింద ఒక వాక్యం రాశారు: "ఈ విగ్రహం అమ్మకానికి కాదు. రాతిలో జీర ఉంది. కళ్ళు తెరవలేదు."

అక్కడితో అయిపోవలసింది. కాలేదు. ఆ పేజీకి రోజూ తెల్లవారుజామున జనం రావడం మొదలైంది.

"చూడు మే," అన్నారు మేడం తెర వైపు చూపిస్తూ. "వస్తారు. ఈ పేజీ ఒక్కటే సూస్తారు. ఏదీ నొక్కరు. పోతారు. మర్నాడు అదే టయానికి మళ్ళా వస్తారు. పాఠం ప్రకారం వీళ్ళు ఎందుకూ పనికిరాని జనం."

"ఏం చేస్తున్నట్టు వాళ్ళు?"

"నాకేం తెలుసు? నువ్వే గదా నిఘా అంటివి. నిఘా పెట్టినోనికి మనిషి వచ్చింది తెలుస్తాది. ఎందుకొచ్చినాడో తెలీదు. అది తెలియాలంటే అడగాల."

అడిగారు. మొదటిసారి వచ్చినప్పుడు కొందరు ఆ పేజీలో తమ మెయిల్ చిరునామాలు ఇచ్చి ఉన్నారు. వాళ్ళకు రెండు వాక్యాలు పంపారు: "అమ్మకానికి లేని ఈ విగ్రహాన్ని చూడటానికి ఎందుకు వస్తున్నారో చెబుతారా? మీకు ఏమీ అమ్మబోవడం లేదు." కొన్ని జవాబులు వచ్చాయి. ఒక లారీ డ్రైవరు, బండి తీసేముందు చూసుకుంటానన్నాడు. రాత్రి డ్యూటీ దిగే ఒక నర్సు, కళ్ళు తెరవని ఆ ముఖంలో ఉన్నంత నెమ్మది తనకు ఇంకెక్కడా దొరకలేదని రాసింది. ఇంకొకటి ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. మేడం దాన్ని కూడబలుక్కుంటూ పైకి చదివారు. ఆ మనిషి ఎవరో, ఏ ఊరి నుంచి వెళ్ళిందో ఇక్కడ చెప్పను. మాటలు మాత్రం నాకు గుర్తున్నాయి.

"అమ్మా, నేను కువైటులో ఒక ఇంట్లో వంట చేస్తాండా. ఈ ఇంటోళ్ళు మంచోళ్ళే. పటాలు మాత్రం పెట్టుకోవద్దన్యారు. పొద్దున్నే పొయ్యి ఎలిగించకముందు ఫోన్లో సామిని సూసుకుంటా. మిగతా వాటిల్లో పాటలొస్తాయి, గంటలు కొడతాయి. మీ దాంట్లో సప్పుడుండదు. సూసి మూసేస్తా. తప్పయితే చెప్పమ్మా, రాను."

మేడం తువ్వాలు తీసి, ల్యాప్‌టాప్ మూసి, బయట కుళాయి దగ్గరికి వెళ్ళి ముఖం కడుక్కొచ్చారు. "తప్పయితే చెప్పమంటాంది మే" అన్నారు. జవాబు నన్ను రాయమన్నారు, అదీ నా సొంత మెయిల్ నుంచి. శిల్పశాల మెయిల్ నుంచి వెళితే అమ్మకం వాసన వస్తుందట. తప్పు కాదమ్మా, ఎప్పటిలాగే రండి అని రాశాను. ఆ తరువాత కూడా పండగకో పబ్బానికో ఆమె నాకు ఒక పలకరింపు పంపుతూనే ఉంది.

నెల నెలా యజమానికి ట్రాఫిక్ లెక్క చూపించడం మేడం పని. తెల్లవారుజాము జనాన్ని ఆయన కూడా చూశాడు. ఆ సంభాషణ జరిగినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"ఇంతమంది ఊరికే సూసి పోతాండారా మేడం? గుళ్ళో అయినా హుండీ ఉంటాది గదా."

"వాళ్ళు కొననీకి రాలేదు సార్."

"కొనొద్దులే. పేజీ తెరుస్తానే గంట కొట్టాల, స్తోత్రం రావాల. కింద అర్చన టికెట్టు. గోత్రనామాలు మెయిల్ చేస్తారు, మనం ప్రసాదం పోస్టులో పంపుతాం. హైదరాబాదోళ్ళతో మాట్లాడినా, చేసిస్తారంట."

"అది అర్చనకు పనికొచ్చే విగ్రహం గాదు సార్. జీర ఉంది. కళ్ళు తెరవలా."

"ఫోన్లో జీర ఎవనికి కనపడతాది మేడం?"

పెద్ద శిల్పి ఉలి ఆపాడు. నేను ఆయన వైపు చూశాను. గోడకు తిప్పిన దేవుణ్ణి తిప్పారని ఒకనాడు అంత గొంతుతో అరిచిన మనిషి ఇప్పుడేమైనా అంటాడేమోనని చూశాను. ఆయన రాతి మీది పొడి ఊది, మళ్ళీ చెక్కడం మొదలుపెట్టాడు.

"ఆ గంట మోగితే ఒకామె పని పోతాది సార్" అన్నారు మేడం. ఆ మనిషి ఎవరో చెప్పలేదు.

"ఒక్క ఆయమ్మ కోసం ఇంతమందిని వదులుకోమంటావా?"

నా జీవితంలో నేను విన్న అతి సులభమైన ప్రశ్నల్లో అది ఒకటి. దానికి నా దగ్గర సమాధానాలు బారులు తీరి నిలబడ్డాయి. మేడం వాటిలో ఒక్కటీ వాడలేదు. "ఎప్పుడు పెడతారు సార్?" అని మాత్రం అడిగారు. శనివారం అన్నాడాయన. ఆమె తలూపి, సంచీ తీసుకుని లేచారు.

బస్సులో నేను ఊరుకోలేదు. "ఎందుకు వాదించలేదు మేడం? మీరు చెప్పేవన్నీ ఇంతేనా? తరగతి గదిలో చెప్పడానికేనా?"

"వాదిస్తే ఏమైతాది?"

"ఓడిపోతాడు."

"ఓడిపోయి, శనివారం గంట పెడతాడు. నువ్వు కప్పు తీసుకొని ఇంటికి పోతావ్. వెబ్‌సైటు ఆయనది మే. జనం మాత్రం ఆయనోళ్ళు గాదు." కిటికీ లోంచి బయటికి చూశారు. "సప్పుడు సెయ్యకు. ఒక మెయిల్ రాయాల. శిరివెళ్ళ వస్తాంది."

ఆమె రాసినవాటన్నిటిలోకీ మంచి శీర్షిక అది. అందులో ఊరింపు లేదు, అలంకారం లేదు: "శనివారం నుంచి గంట మోగుతుంది." లోపల ఇంకో నాలుగు వాక్యాలు. మీరు రోజూ చూసే స్వామి చిత్రాన్ని దీనితో పంపుతున్నాను. ఫోన్‌లో దాచుకోండి. పేజీ తెరవవలసిన పని ఉండదు. ఇకమీదట మా వెబ్‌సైటుకు రావద్దు. చిరునామా ఇవ్వనివాళ్ళ కోసం అవే మాటలు శుక్రవారం సాయంత్రం దాకా ఆ పేజీలో ఫోటో కింద ఉంచారు.

పాఠకులు ఈ పనిని దాని వృత్తిధర్మం ప్రకారం అర్థం చేసుకోవాలని కోరుతున్నాను. జనాన్ని రప్పించడం ఆ వృత్తి. ఈమెయిల్ ఉన్నది అందుకు. ట్రాఫిక్ లెక్కలు ఉన్నది అందుకు. ఆ పనిని మాకు మూడేళ్ళు నేర్పిన మనిషి, ఆ పనిముట్లతోనే, వచ్చేవాళ్ళను వద్దని చెప్పింది. ఆ మెయిల్ అందినవాళ్ళందరూ తెరిచారు. తెరిచినవాళ్ళందరూ అందులో చెప్పినట్టు చేశారు. శనివారం తెల్లవారుజామున ఆళ్ళగడ్డలో ఎవరికీ వినబడని గంట ఒకటి ఎవరూ తెరవని పేజీలో సిద్ధంగా ఉంది. నాకు తెలిసిన డిజిటల్ మార్కెటింగ్‌లో ఇంతకన్నా సంపూర్ణంగా నెరవేరిన ప్రచారం లేదు.

యజమాని వాదన కూడా న్యాయంగా చెబుతాను. ఎదుటి పక్షం వాదనను దాని పూర్తి బలంతో చెప్పలేనివాళ్ళకు వేదిక ఎక్కే హక్కు లేదని నేను నమ్ముతాను. రాయి ఆయనది, వెబ్‌సైటు ఆయనది, మేడంకు జీతం ఇచ్చింది ఆయన. ఆయన ఇంటికి వచ్చే జనాన్ని ఆయన దగ్గర పనిచేసే మనిషే ఆయన వాకిట్లో నిలబడి వెనక్కి పంపింది. ఇంతకంటే బలహీనమైన వాదనలతో నేను పోటీలు గెలిచాను. నా ప్రశ్న ఒక్కటే. కళ్ళు తెరవని రాతికి, పూజకు పనికిరాదని తన శిల్పే గోడకు తిప్పిన రాతికి, అర్చన టికెట్టు అమ్మడాన్ని వ్యాపారం అంటారా? దానికి ఇంకో పేరుంది. ఆ పేరు తెలిసి కూడా అందరూ ఊరుకున్నారు. ఆమె ఊరుకోలేదు. తేడా అంతే.

ఆ శనివారం మర్నాడే శిల్పశాలకు ఆమెను రావద్దన్నారు. ఆ పై విద్యాసంవత్సరం మా కాలేజీ టైంటేబుల్‌లో ఆమె పేరు లేదు. శిల్పశాల యజమానికి కాలేజీ కమిటీలో దగ్గరివాళ్ళున్నారు. రెండింటికీ సంబంధం లేదని చెప్పారు. ఆ సబ్జెక్టుకు పిల్లలు రావడం లేదని కారణం చూపించారు. ఆమె క్లాసులో బెంచీలు చాలక మేం కిటికీ గట్ల మీద కూర్చునేవాళ్ళం.

ఉద్యోగం పోయినందువల్ల ఆమె చనిపోయారని నేను అనను. మూత్రపిండాల జబ్బు అంతకుముందు నుంచే ఉంది. రుజువు లేనిది నేను మాట్లాడను. కానీ పని చేసుకునే మనిషికి జబ్బు రావడం వేరు, పని లాక్కున్న మనిషికి అదే జబ్బు రావడం వేరు. ఆ తేడాకు డాక్టర్ల దగ్గర పరీక్ష లేదు.

నేను చివరిసారి మేడం ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. కాళ్ళు వాచి ఉన్నాయి. చేతిలో ఆసుపత్రి రిపోర్టు. "ఇదీ ట్రాఫిక్కే మే. యాడ నుంచి వచ్చింది, ఎంతసేపుంటాది, ఎప్పుడు పోతాది. ఎందుకొచ్చిందో మాత్రం ఎవురూ చెప్పరు" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆమెను మళ్ళీ తీసుకోవాలని కాలేజీకి మహజరు ఇవ్వబోతున్నామని, సంతకాలు పెడుతున్నారని చెప్పాను.

"ఎంతమంది పెట్టినారు?"

చెప్పాను.

"వాళ్ళల్లో దాన్ని చదివి పెట్టినోళ్ళు?"

నేను సంచీలోంచి మహజరు తీశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "చదివినోళ్ళుంటే వాళ్ళ దగ్గరికి పో. వాళ్ళు నలుగురైనా చాలు. మిగతాది గుంపు" అన్నారు. తరువాత ఆ మహజరులో తప్పులు దిద్దారు. తన గురించి నేను రాసిన పొగడ్తలన్నీ కొట్టేశారు.

సంతాపసభ కాలేజీ సెమినార్ హాల్లో జరిగింది. ఆళ్ళగడ్డ నుంచి యజమాని వచ్చి ఫోటోకు దండ వేశాడు. "మా వెబ్‌సైటుకు లోకం నలుమూలల నుంచి జనాన్ని తెచ్చిన మహాతల్లి" అన్నాడు. తెచ్చిన సంగతి చెప్పాడు. మిగతా సగం చెప్పలేదు. నేను లేచి మైకు అడిగాను. నిర్వహిస్తున్న లెక్చరర్ నా దగ్గరికి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి, మెల్లగా అన్నారు: "వద్దమ్మా. నీకిస్తే గొడవ చేస్తావ్. ఈ రోజు గొడవ చేసే రోజు గాదు." ఈ కాలేజీలో నాకు మైకు ఇవ్వనన్న మొదటి రోజు అదే. అందుకే ఈ నాలుగు పేజీలు.

ఇప్పుడు చెప్పవలసింది సూటిగా చెబుతాను. పెద్దకర్మ లోపల మా మేడం పేరుతో మీలో కొందరికి ఒక మెయిల్ రావచ్చు. అందులో ఆమె ఫోటో ఉంటుంది, కంటతడి పెట్టించే మాటలుంటాయి, కింద ఒక లింక్ ఉంటుంది. ఆమె పేరు చూసి తెరుస్తారన్నదే వాళ్ళ లెక్క. ఆ పేరును జనం నమ్మడానికి కారణం, ఆ పేరు వాళ్ళను ఎప్పుడూ మోసానికి పిలవలేదు. బతికుండగా ఆమె వెనక్కి పంపిన జనాన్ని, చనిపోయాక ఆమె చేతనే మళ్ళీ పిలిపించాలని చూస్తున్నారు. తెరవకండి. ఆమె ఎవరినీ పిలవడం లేదు.

నేను తెలియజేయవలసిన మనిషి ఇంకొకరు ఉన్నారు. కువైటుకు రాశాను. మేడం పోయారని, ఆమె పేరుతో ఏం వచ్చినా తెరవవద్దని, ఆ పేజీలో ఇప్పుడు గంట ఉందని. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు ఉదయం వచ్చింది.

"ఆయమ్మను నేను ఎప్పుడూ సూడలేదమ్మా. ఒక ఫోటో ఉంటే పంపు. ఫోన్లోనే పెట్టుకుంటా."

నా దగ్గర మేడం ఫోటో ఒక్కటే ఉంది. కాలేజీ దండ వేసిన స్టూడియో ఫోటో కాదు. క్లాసులో ఎవరో తీసింది. ప్రొజెక్టర్ వెలుగు సగం ముఖం మీద పడుతోంది. చీర కుచ్చిళ్ళకు ఉతికినా పోని రాతిపొడి. ముందు బెంచీలో నేను లేచి ఏదో అంటున్నాను, నా వీపు మాత్రమే కనబడుతుంది. ఆమె నోరు సగం తెరిచి, నన్ను ఆపడానికి కుడిచెయ్యి పైకెత్తి ఉన్నారు.

దాన్నే పంపాను. వెళ్ళినట్టు గుర్తు పడింది. కువైటులో ఎవరి వంటింట్లోనో, పొయ్యి ఇంకా వెలిగించని వేళ, ఆ చెయ్యి అలా లేచే ఉంటుంది. ఏ చప్పుడూ లేకుండా, ఒక్క క్షణం ఆగమంటూ.